పాట ఒంటబట్టని మనిషి: ఒక మ్యూజికల్ అన్‌హెడోనియా కేసు

మ్యూజికల్ అన్‌హెడోనియా అంటే పాట వినబడుతుంది, అర్థమవుతుంది, దాంట్లో ఆనందం మాత్రం అందదు. ఇది బోధన కోసం కూర్చిన కేసు. ఈ ఫిర్యాదుతో వచ్చేవాళ్లలో కనిపించే వివరాలను ఒకే మనిషి ఫైల్లోకి తెచ్చి రాశాం. స్కోర్లు ఆ ఫైలువి. పరిశోధనల గురించి చెప్పినవి మాత్రం అచ్చయినవే.

వచ్చిన కారణం

మనిషికి 41 ఏళ్లు. విజయవాడలో సివిల్ ఇంజనీరు. పెళ్లయి 12 ఏళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. భార్య కర్ణాటక సంగీతం నేర్చుకున్నావిడ, సాయంత్రాలు ఇంట్లోనే పిల్లలకు పాఠాలు చెబుతుంది. రిఫరల్ చీటీ మీద "ఆసక్తి తగ్గింది, డిప్రెషన్ కావచ్చు" అని ఉంది. ఫ్యామిలీ డాక్టరు డిప్రెషన్ మందు ఎసిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టి అప్పటికి 14 వారాలు.

ఆవిడ చెప్పింది ఇది: "మా ఇంట్లో పొద్దస్తమానం పాటేనండీ. ఈయన గోడలా కూర్చుంటారు. మొన్న మా గురువుగారి కచేరీలో మూడు గంటలూ ఫోన్లో స్కోరు చూసుకున్నారు. నేనంటే ఇష్టం లేకనా, మనిషిలోనే ఏదైనా తేడానా?"

ఆయన చెప్పింది ఇది: "పాట నాకు తెలుస్తుందండీ. పల్లవి రాకముందే ఏ పాటో చెప్తాను. దాంట్లో ఏముందని జనం కళ్లు మూసుకుని తలలూపుతారో, అదే తెలీదు. చిన్నప్పట్నుంచీ ఇంతే."

ఆ చివరి రెండు ముక్కలు చీటీ రాసిన రోజే ఎవరైనా అడిగి ఉంటే 14 వారాల మందు మిగిలేది. "ఆసక్తి లేదు" అన్న మాట వినగానే "దేనిమీద?" అని అడగకపోవడం ఈ కేసుల్లో మొదటి తప్పు, అన్నిటికన్నా తరచుగా జరిగేది కూడా.

మొదటి గంటన్నర

మొదట తేల్చుకోవాల్సింది ఎప్పట్నుంచి అన్నది. ఊహ తెలిసినప్పట్నుంచీ ఇంతే అంటే ఒక దారి. "ఏడాది కిందటి దాకా పిచ్చిగా వినేవాణ్ణి, ఉన్నట్టుండి చప్పబడిపోయింది" అంటే పూర్తిగా వేరే దారి. రెండోరకం మనిషి ముందు వెళ్లాల్సింది న్యూరాలజిస్టు దగ్గరికి. పక్షవాతం, తలకు దెబ్బ, ఫిట్స్, పార్కిన్సన్స్, ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా, ఒక చెవిలో కొత్తగా మొదలైన హోరు, ఈమధ్య మార్చిన మందులు, వీటిలో ఒక్కటున్నా ప్రశ్నావళులు తర్వాత. ఈయనకు ఇవేవీ లేవు.

మందుల జాబితా చీటీ చూసి కాదు, సంచీ తెప్పించి చూడాలి. ఎసిటాలోప్రామ్ లాంటి ఎస్ఎస్ఆర్ఐ రకం డిప్రెషన్ మందులు కొందరిలో సుఖదుఃఖాలు రెండింటినీ మొద్దుబారుస్తాయి. రిస్పెరిడోన్ లాంటి డోపమిన్‌ను (మెదడులో సుఖంతో ముడిపడిన రసాయనం) అడ్డుకునే మందులు, మద్యం మాన్పించడానికి ఇచ్చే నాల్ట్రెక్సోన్ పాటలోని ఆనందాన్ని తగ్గించగలవని ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఫిట్స్‌కు వాడే కార్బమజపైన్‌తో మరో విచిత్రం: కొందరికి శ్రుతి అర మెట్టు కిందకి దిగినట్టు వినిపిస్తుంది. "పాటలన్నీ తేడాగా ఉన్నాయి" అని వచ్చిన మనిషి చేతిలో ఆ మందు ఉందేమో చూడకపోతే నెలలు వృథా.

తర్వాత మిగిలిన సుఖాల లెక్క. ఇక్కడ తొందర పనికిరాదు. "ఇంకేం ఇష్టం?" అని ఒక్క ప్రశ్న వేసి వదిలేస్తే "అన్నీ ఇష్టమేనండీ" అని ఒక్క జవాబు వస్తుంది. ఒక్కోటి విడిగా అడిగి, చివరిసారి ఎప్పుడు, ఏమనిపించింది అని రాబట్టాలి. ఈయన చెప్పినవి: ఆదివారం పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీదుగా సైకిలు, చిట్టీ పాటలో చివరి నిమిషంలో తగ్గించి పాడటం (ఈ పాటకు మాత్రం గుండె దడదడలాడుతుందట), చిన్నపిల్ల వెనకనుంచి వచ్చి మెడ పట్టుకోవడం, కొత్త ఆవకాయ కలిపిన మొదటి ముద్ద, క్రికెట్. దాంపత్య జీవితం గురించి కూడా విడిగా అడిగాం. మందు మొదలైనప్పట్నుంచి కోరిక తగ్గిందన్నారు. "కోపం కూడా సరిగ్గా రావట్లేదండీ" అన్నారు. ఈ వాక్యం గుర్తు పెట్టుకోవాలి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఇక తెలుగువాళ్లతో ప్రత్యేకంగా వచ్చే చిక్కు సాహిత్యం. మనవాళ్లలో చాలామంది "పాట ఇష్టం" అనేటప్పుడు మాటను ఇష్టపడతారు. ఈయనకు పద్యాలు కంఠతా వచ్చు, అంత్యాక్షరిలో ఎవరూ గెలవలేరు, సినిమా పాటలో ఒక మంచి ఉపమానం ఉంటే రెండుసార్లు చెప్పించుకుంటారు. ఇవి చూసి "సంగీతం అంటే ఇష్టం ఉన్నట్టేగా" అని ఫైలు మూసేయకూడదు. ఆ పాటలోంచి మాటలు తీసేసి, ఉత్త వరస వేణువు మీద వినిపిస్తే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. దాన్ని అడిగి తెలుసుకోలేం, వినిపించి చూడాలి.

కాగితం మీద పరీక్షలు

నాలుగు వాడాం. డిప్రెషన్‌కు 9 ప్రశ్నల పీహెచ్‌క్యూ-9. మొత్తంగా సుఖం అనిపించకపోవడానికి స్నెయిత్-హామిల్టన్ స్కేలు, 14 వాక్యాలు, 3 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే తేడా ఉన్నట్టు. తన భావాలను తాను గుర్తుపట్టలేని స్థితికి టొరంటో స్కేలు, 20 వాక్యాలు, 61 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఉన్నట్టు, 51 లేదా అంతకన్నా తక్కువైతే లేనట్టు. సంగీతానికి బార్సిలోనా మ్యూజిక్ రివార్డ్ ప్రశ్నావళి.

మందు మీద ఉన్నప్పుడు వచ్చినవి: పీహెచ్‌క్యూ 6, స్నెయిత్-హామిల్టన్ 4, టొరంటో 44, బార్సిలోనా 38.

బార్సిలోనా ప్రశ్నావళి 2013లో వచ్చింది. 20 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5, కాబట్టి మొత్తం 20 నుంచి 100 మధ్య ఉంటుంది. ఐదు పాయలు, ఒక్కోదానికి నాలుగు వాక్యాలు: పాటలు వెతుక్కోవడం, భావం కదలడం, మూడ్ సర్దుకోవడానికి వాడటం, ఒళ్లు ఊగడం, నలుగురితో కలిపే గుణం. దాన్ని తయారుచేసిన బృందమే తమ ప్రయోగాల్లో 65 లోపువారిని సంగీతానందం లేనివారి గుంపులోకి తీసుకుంది. ఈయన పాయలవారీగా: వెతుక్కోవడం 5, భావం 6, మూడ్ 6, ఒళ్లు ఊగడం 10, నలుగురితో 11. చివరి రెండూ కాస్త పైన ఉండటం చూసి కంగారు పడక్కర్లేదు. కాలు తాళం వేస్తుంది, పెళ్లి బరాత్‌లో తమ్ముళ్లు లాగితే నాలుగు అడుగులు వేస్తారు. తాళం అందడం వేరు, దాంట్లో సుఖం అందడం వేరు.

ఈ ప్రశ్నావళి తెలుగులో నోటితో అడిగేటప్పుడు రెండుచోట్ల లెక్క తప్పుతుంది. మొదటిది తిరగేసి వేసే రెండు వాక్యాలు. ఖాళీ దొరికినా పాటలు పెద్దగా వినను అన్నదొకటి, నచ్చిన పాటైనా డాన్సు చేయడం ఇష్టం ఉండదు అన్నదొకటి. వీటికి మనిషి "అవునండీ, వినను" అంటాడు. అడిగేవాళ్లు "అవును" విని 5 వేస్తారు. అది నిజమే, కానీ కూడేటప్పుడు 6లోంచి తీసి 1 చేయాలి. మరికొందరు "వినను" మాత్రమే విని, అప్పటికప్పుడే 1 వేసి, తర్వాత మళ్లీ తిరగేస్తారు. అది 5 అయి కూర్చుంటుంది. ఈ రెండు వాక్యాలకూ అంకె మనం వేయకూడదు. 1 నుంచి 5 ముఖాలున్న అట్ట చేతికిచ్చి వేలు పెట్టమనాలి.

రెండోది కన్నీళ్ల వాక్యం. పాట వింటే కళ్లు చెమ్మగిల్లుతాయా అంటే ఈయన "ఒక్క పాటకు" అన్నారు. తండ్రి పోయిన పదకొండో రోజున మోగిన పాట అది. అదే వరస మాటల్లేకుండా వినిపిస్తే ఏ పాటో వెంటనే చెప్పారు, కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. ఆ కన్నీళ్లు జ్ఞాపకానివి. అయినా స్కోరు దిద్దకూడదు. మనిషి వేసింది వేసినట్టుంచి, పక్కన వివరం రాసుకోవాలి. తెలుగులో నోటితో అడిగాం కాబట్టి 65 అనే గీతను కొలబద్దలా కాక దిక్సూచిలా చూశాం. 38 ఆ గీతకు చాలా కిందే ఉంది.

స్నెయిత్-హామిల్టన్‌లో వచ్చిన 4లో ఒకటి వెచ్చటి స్నానం హాయిగా ఉంటుందా అన్న వాక్యానిది. అడిగింది మే నెల, ఊరు విజయవాడ. "వద్దండీ బాబూ" అన్నారు. దాన్ని రోగలక్షణం కింద కట్టే ముందు బయట ఎండ చూడాలి.

చెవి, శ్రుతి

ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా చేయించాం. 4,000 దగ్గర రెండు చెవుల్లోనూ 35 డెసిబెల్స్ దాకా ఒక గుంట, మిగతా అంతా 20 లోపే. సైట్ల మీద డ్రిల్లింగ్ మిషన్ల మధ్య 15 ఏళ్లు తిరిగిన మనిషిలో ఇది మామూలే. దీన్నే కారణం చేసి హియరింగ్ ఎయిడ్ రాసిచ్చే ప్రమాదం ఉంది. మనిషి గొంతు పలికే స్వరాల మూల ధ్వని దాదాపు అంతా 1,000 హెర్ట్జ్ లోపలే ఉంటుంది. ఆ గుంట వల్ల గలగలలు, తాళాల మెరుపు కాస్త తగ్గుతాయి, పాట చావదు. పైగా ఫిర్యాదు చిన్నప్పటిది, గుంట ఉద్యోగం వచ్చాకది.

అమ్యూసియా, అంటే శ్రుతి భేదమే చెవికి అందని స్థితి, ఉందేమో చూడాలి. రెండింటినీ ఒకటే అనుకోవడం చదువుకున్నవాళ్లలోనూ ఉంది. అమ్యూసియా ఉన్నవాళ్లలో కొందరు పాటను ఇష్టంగానే వింటారు. ఈయనలాంటివాళ్లు అపస్వరాన్ని ఠక్కున పట్టుకుంటారు, పట్టుకుని ఊరుకుంటారు. దీనికి వాడే మాంట్రియల్ బ్యాటరీ అనే పరీక్షలో ఆరు భాగాలుంటాయి: స్వరస్థానాలు, వరస ఎత్తుపల్లాలు, స్వరాల మధ్య దూరం, లయ, తాళం, గుర్తు. మొత్తం మీద సుమారు 78 శాతం గీత, దానికి కింద వస్తే అమ్యూసియా అనుమానం.

మొదటిసారి 71 వచ్చింది. కారణం చూస్తే సిగ్గుపడాల్సిందే: పరీక్షను ఓపీ పక్కగదిలో, ట్యాబ్ స్పీకరు మీద, సీలింగ్ ఫ్యాను మోతలో పెట్టారు. పైగా ఆరు భాగాలూ ఆపకుండా ఒకే ఊపులో చేయించారు. మూడో భాగానికి ఎవరికైనా బుర్ర తిరుగుతుంది. వారం తర్వాత చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లతో, ఏసీ గదిలో, రెండు భాగాలకొకసారి పది నిమిషాలు ఆపుతూ చేయిస్తే 86. ఆ పరీక్షలోని వరసలన్నీ పాశ్చాత్య మెట్లమీద కట్టినవి. వాటితో పరిచయం లేని చెవి స్వరస్థానాల భాగంలో ఒకటి రెండు మార్కులు పోగొట్టుకోవచ్చు. అది తెలిసే పక్కన హార్మోనియం మీద ఒక చిన్న పరీక్ష చేశాం: మోహన ఆరోహణలో మధ్యమం దొంగతనంగా పెట్టి "ఎక్కడ తేడా?" అని అడగడం. పది సార్లలో తొమ్మిది సార్లు వేలు పెట్టి చూపించారు. భార్య ఆశ్చర్యపోయింది. "ఇంత తెలిసీ..." అని ఆగిపోయింది.

గుర్తుపట్టడం ఒకటి, అనుభవించడం ఇంకొకటి

కేసుకు ఆయువుపట్టు ఇదే. 16 ముక్కలు తీసుకున్నాం, ఒక్కోటి 30 సెకన్లు. వీణ, వయొలిన్, వేణువు, నాదస్వరం, మాటలు తీసేసిన సినిమా పాటల ట్రాకులు. సగం ఆయనకు తెలిసినవి, సగం కొత్తవి. ప్రతి ముక్కకూ రెండు ప్రశ్నలు, రెండు వేర్వేరు కాగితాల మీద: ఇది ఏ భావం చెబుతోంది? మీకు ఎంత హాయిగా ఉంది, 0 నుంచి 10? రెండూ ఒకే కాగితం మీద పెడితే "విషాదం" అని రాసిన చేయి దాని పక్కనే మర్యాదకు ఒక 6 వేసేస్తుంది. కాగితాలు విడదీస్తే మర్యాద తగ్గుతుంది. ముక్కల్ని మనకు ఇష్టమైనవి ఏరి పెట్టకూడదు. ఏరేవాళ్ల మొహం చూసి జవాబు చెప్పేస్తారు. భార్యను గదిలో ఉంచకపోవడానికీ కారణం అదే.

భావం గుర్తించడంలో 16కి 14. శివరంజనికి విషాదం అన్నారు, నాదస్వరం ముక్కకు "పెళ్లి సందడి" అన్నారు, తప్పిన రెండూ ఎవరికైనా తప్పేవే. హాయి కాగితం మీద మాత్రం 0, 1, 0, 0, 2 ఇలా సాగింది. అత్యధికం 2, అది కూడా "టెంపో బాగుంది" అని. అదే జాబితా విడిగా భార్యకు ఇస్తే భావాల్లో 13, హాయి 5 నుంచి 9 మధ్య. పాటలోని దుఃఖాన్ని గుర్తుపట్టడంలో భర్తకే ఒక మార్కు ఎక్కువ.

వేళ్ల చివరి చెమట

హాయి కాగితం మీద మనిషి ఏమైనా రాయొచ్చు, వేళ్ల చెమటను మాత్రం రాయించలేం. అందుకే చర్మం విద్యుత్ వాహకతను కొలిచాం. మనసు కదిలితే వేళ్లకు సన్నగా చెమట పట్టి వాహకత పెరుగుతుంది, యంత్రం గీసే గీత లేస్తుంది. ఎస్ఎస్ఆర్ఐ ఈ కొలతనూ తగ్గించగలదు కాబట్టి మందు ఆపాకే పెట్టుకున్నాం. మందు ఆపడం సైకియాట్రిస్టు చేతుల మీదుగా జరిగింది: 10 నుంచి 5కు తగ్గించి నాలుగు వారాలు, ఆ తర్వాత ఆపి ఆరు వారాలు ఎదురుచూడటం. టక్కున ఆపేస్తే తలతిరుగుడు, చిరాకు, నిద్ర చెడటం వస్తాయి. వాటిని చూసి "చూశారా, డిప్రెషన్ తిరగబెట్టింది" అని మళ్లీ మందు మొదలుపెట్టేస్తారు.

ఆరు వారాల తర్వాత కాగితాలు మళ్లీ నింపితే పీహెచ్‌క్యూ 3, స్నెయిత్-హామిల్టన్ 1 (ఆ స్నానమే), బార్సిలోనా 39. కోరిక తిరిగొచ్చింది, కోపమూ వచ్చింది, ఆవకాయ మళ్లీ ఆవకాయ అయింది. సంగీతం దగ్గర మాత్రం కదలిక లేదు. మందు మిగతా సుఖాలను మసకబార్చింది, అది పోగానే అవి వెనక్కొచ్చాయి. సంగీతం చోట మొదట్నుంచీ ఖాళీయే కాబట్టి మసకబారడానికీ వెనక్కి రావడానికీ ఏమీ లేదు. ఏ స్కానూ లేకుండా ఈ రెండు తేదీల మధ్య తేడాయే ఈ ఫైల్లో గట్టి సాక్ష్యం.

ఇక కొలత పద్ధతి. గది 24 డిగ్రీలు. చేతులు మామూలు నీళ్లతో కడిగించాలి, శానిటైజర్ వాడితే చర్మం ఎండి గీత పడుకుంటుంది. కుడిచేతి వాటం మనిషికి ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్లకు ఎలక్ట్రోడ్లు. కట్టాక పది నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. గట్టిగా ఊపిరి పీల్చమంటే గీత లేవాలి. లేవకపోతే తీగ సరిగ్గా తగల్లేదన్నా అనుకోవాలి, లేదా ఈ కొలతకు అసలు స్పందించని కొద్దిమందిలో ఈ మనిషి ఒకడన్నా అయి ఉండాలి. ముక్కలు 45 సెకన్లు, మధ్యలో 30 సెకన్లు నిశ్శబ్దం. ప్రతి ముక్కలో మొదటి 8 సెకన్లు లెక్కలోంచి తీసేశాం. నిశ్శబ్దంలో ఏ శబ్దం మొదలైనా ఒళ్లు ఒకసారి ఉలిక్కిపడుతుంది, దాన్ని ఆనందం ఖాతాలో వేయకూడదు. 0.05 మైక్రోసీమెన్స్ కన్నా చిన్న లేపును లెక్కించలేదు.

సంగీతం ఒక్కటే పెడితే ఏమీ తేలదు. మనిషికి ఏ ఆనందానికీ గీత లేవదేమో ఎలా తెలుస్తుంది? అందుకే బార్సిలోనా బృందం పద్ధతిలో డబ్బు ఆట పెట్టాం. తెరమీద గుర్తు కనిపించగానే మీట నొక్కాలి, వేగంగా నొక్కితే పది రూపాయలు, ఆలస్యమైతే పోతాయి. నిజం నోట్లు బల్లమీద కనిపిస్తూ ఉండాలి. "ఊహించుకోండి" అంటే గీత కూడా ఊహించుకునే లేస్తుంది. మూడో జత సంగీతం కాని శబ్దాలు: పసిపిల్ల కిలకిల, స్టేడియం హోరు, బోర్డు మీద గోరు గీత.

12 సంగీత ముక్కల్లో ఒక్కదానికి గీత లేచింది. 24 డబ్బు ఆటల్లో 17కి. 8 శబ్దాల్లో 6కి. అన్నిటికన్నా బాగా గుర్తుండిపోయేది పట్టికలో లేదు. ఏడో ముక్క, నెమ్మదైన వయొలిన్, గీత చెరువు నీళ్లలా పరుచుకుని ఉంది. బయట వరండాలో ఎవరో స్టీలు గ్లాసు జారవిడిచారు. గీత నిట్టనిలువుగా లేచి, పది సెకన్లలో దిగి, మళ్లీ చెరువైపోయింది. వయొలిన్ అలా సాగుతూనే ఉంది. ఆ ముక్కను లెక్కలోంచి తీసేసి చివర్లో ఇంకొకటి వేశాం కానీ, చెవి బాగానే పనిచేస్తోందని, ఒళ్లు కూడా బాగానే స్పందిస్తోందని భార్యకు చూపించడానికి ఆ ప్రింటునే వాడాం.

లోపల ఏం జరుగుతుంది

2014లో ఎర్నెస్ట్ మాస్-హెరేరో, జోసెప్ మార్కో-పల్లారెస్ బృందం బార్సిలోనాలో పదేసిమంది చొప్పున మూడు గుంపుల్ని పరీక్షించింది. సంగీతానందం లేని గుంపులో పాటకు చర్మం, గుండె రెండూ స్పందించలేదు, డబ్బు ఆటకు మాత్రం అందరిలాగే స్పందించాయి. 2016లో 45 మందితో ఎఫ్ఎమ్ఆర్ఐ, అంటే పనిచేస్తున్న మెదడును చూపే స్కాను, చేశారు. శబ్దాన్ని పోల్చుకునే కుడివైపు శ్రవణ కార్టెక్స్‌కూ, బహుమతిని లెక్కగట్టే వెంట్రల్ స్ట్రయేటమ్‌కూ మధ్య మాటామంతీ ఆ గుంపులో తగ్గింది. జూదం ఆడించినప్పుడు అదే స్ట్రయేటమ్ మామూలుగా వెలిగింది. అంటే చెవి వైపు కేంద్రం బాగానే ఉంది, సుఖం వైపు కేంద్రం బాగానే ఉంది, రెండింటి మధ్య లైను బలహీనం. విద్యుత్ శాఖ భాషలో చెప్పాలంటే సబ్‌స్టేషన్ బాగుంది, ఇంట్లో బల్బు బాగుంది, సర్వీసు వైరు సన్నం. ఇంజనీరుగారికి ఈ మాట ఒక్కసారికే అర్థమైంది.

పాట కడుపు నింపదు, జేబు నింపదు. దాని సుఖమంతా "తర్వాతి స్వరం ఎటు వెళ్తుంది" అనే ఎదురుచూపులో, అది తీరడంలో, కొంటెగా తప్పడంలో ఉంటుంది. ఆ అంచనా శ్రవణ కార్టెక్స్‌లో పుడుతుంది. అది సుఖకేంద్రానికి చేరకపోతే స్వరాలు స్వరాలుగానే మిగులుతాయి. రాబర్ట్ జటోరే ప్రయోగశాల నుంచి 2011లో వచ్చిన పని ప్రకారం ఎదురుచూపు వేళ స్ట్రయేటమ్‌లోని కాడేట్ భాగంలో, ఒళ్లు జలదరించే వేళ న్యూక్లియస్ అక్యుంబెన్స్ భాగంలో డోపమిన్ విడుదలవుతుంది.

ఈ కేసులో ఎమ్ఆర్ఐ అడగలేదు, కావాలనే. పైన చెప్పిన తేడాలు గుంపుల సగటుల్లో తేలినవి. ఒక్క మనిషి స్కాను చూసి ఆ సన్నపు లైనును ఏ రేడియాలజిస్టూ చూపించలేరు. "నార్మల్" అని వచ్చిన రిపోర్టు పట్టుకుని ఇంట్లోవాళ్లు "చూశావా, నటిస్తున్నావు" అంటారు. సంగీతానందం మధ్యలో పోయినవాళ్ల సంగతి వేరు, వాళ్లకు స్కాను తప్పనిసరి. 2004లో టిమ్ గ్రిఫిత్స్ బృందం రాసిన కేసులో 52 ఏళ్ల రేడియో అనౌన్సరుకు మెదడులో ఎడమ ఇన్సులా ప్రాంతంలో స్ట్రోకు వచ్చాక, అంతకుముందు తనను కదిలించిన రహ్మానినోవ్ పియానో సంగీతం చప్పగా అయిపోయింది. 2011లో జపాన్ నుంచి వచ్చిన కేసులో 71 ఏళ్ల మనిషికి మెదడు కుడి పెరైటల్ లోబ్‌లో రక్తప్రసరణ ఆగింది. పాట అర్థమవుతోంది, భావం గుర్తుపడుతున్నాడు, అనుభూతి లేదు. రెండు చోట్లు వేరు, ఫిర్యాదు ఒకటే. అయినా ఇలా జరగడం అరుదు. మెదడులో ఒకచోట దెబ్బతిన్న 78 మందిని 2017లో పరిశీలిస్తే సంగీతానందం పోయినవాళ్లు దాదాపు లేరు.

ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాం

రోగనిర్ణయం రాయాల్సిన గడిలో "స్పెసిఫిక్ మ్యూజికల్ అన్‌హెడోనియా, జన్మతః, చికిత్స అవసరం లేదు" అని రాశాం. డాక్టర్లు వాడే జబ్బుల జాబితాలు డీఎస్ఎమ్-5లోగానీ ఐసీడీ-11లోగానీ ఈ పేరుతో జబ్బు లేదు. పాత చీటీ మీది డిప్రెషన్ మాటను సైకియాట్రిస్టు చేత రాతపూర్వకంగా కొట్టేయించాం. రేపు ఇన్సూరెన్సు ఫారం నింపేటప్పుడు ఆ ఒక్క మాట వెంటాడుతుంది.

భార్యతో విడిగా 40 నిమిషాలు. "ఆయనకు మీ పాట నచ్చకపోవడం కాదు మేడమ్, ఏ పాటా అందదు. మీ గొంతును మాత్రం గుర్తుపడతారు, మీరు శ్రుతి తప్పితే కూడా తెలుస్తుంది" అని చెప్పి ప్రింటు చూపించాం. ఆవిడ చాలాసేపు గ్లాసు పడిన చోటే చూసింది. తర్వాత అడిగింది: "మరి పన్నెండేళ్లుగా బాగుంది బాగుంది అన్నారేం?" ఆ ప్రశ్నకు జవాబు ఆయనే చెప్పాలి, మేం కాదు. మరుసటి వారం ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టినప్పుడు చెప్పారు: "నువ్వు పాడి నావైపు చూస్తావు. ఏదో ఒకటి అనాలి కదా."

మన దగ్గర ఈ మనుషుల మీద పడే బరువు వేరే. "శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం ఫణిః" అని సామెతలా వాడేస్తాం: పసివాడికి, పశువుకు, పాముకు కూడా గానరసం తెలుసని. ఆ లెక్కన ఈయన పాముకన్నా దిగువ. అత్తవారింట్లో ఎన్నోసార్లు విన్నమాటే అన్నారు నవ్వుతూ. సుమారు 3 నుంచి 5 శాతం మంది ఇలా ఉంటారని ఈ రంగంలో అంచనా. రెండు వందల మంది కూర్చున్న కచేరీ హాల్లో ఆరుగురు నుంచి పదిమంది మర్యాదకు తలూపుతున్నారన్నమాట. అసలు ఇలాంటివాళ్లు కచేరీకే రారు కాబట్టి అంతమంది ఉండరనుకోండి.

చేయనివి కూడా ఫైల్లో రాశాం. బంధువు ఒకరి సలహాతో ఈయన అప్పటికే ఒక మండలం, 40 రోజులు, రోజుకు గంట రాగాలు విన్నారు. పన్నెండో రోజుకు చిరాకు, ఇరవయ్యో రోజుకు సాయంత్రాలు ఇంటికి ఆలస్యంగా రావడం. లైను సన్నమైతే కరెంటు ఎక్కువ పంపి లాభం లేదు. మందు సంగతి కూడా ఆయన ఇంటర్నెట్‌లో చదివి అడిగారు. 2019లో వచ్చిన ప్రయోగంలో లెవోడోపా పాటలోని ఆనందాన్ని పెంచిందన్నది నిజమే. అది ఆరోగ్యవంతులకు ఒక్క మోతాదు ఇచ్చి చూసిన సంగతి. పార్కిన్సన్స్ మందును కచేరీ కోసం రాసే పని లేదు.

చేసినవి చిన్నవి. నెలకు ఒక కచేరీకి తోడు వెళ్తారు, నడవ పక్క సీటు, 40 నిమిషాల తర్వాత బయటికొచ్చి కాఫీ. పాట అయ్యాక అభిప్రాయం అడగడం ఆవిడ మానేసింది, అబద్ధం చెప్పడం ఆయన మానేశారు. హైదరాబాదు కారు ప్రయాణంలో మొదటి సగం పాటలు, సూర్యాపేటలో టిఫిన్ అయ్యాక క్రికెట్ కామెంటరీ. పిల్లల ముందు "సంగీతం దండగ" అనకూడదన్నది ఆవిడ పెట్టిన షరతు, ఆయన ఒప్పుకున్నారు. మెడికల్ ఫైలు మొదటి పేజీలో ఒక వాక్యం చేర్చాం: ఈ మనిషికి సంగీతం ఊరటనివ్వదు. ఎమ్ఆర్ఐ గదిలోనో, పళ్ల డాక్టరు కుర్చీలోనో భయం తగ్గించడానికి హెడ్‌ఫోన్లలో పాట పెట్టే పద్ధతి ఈయనకు పనిచేయదు. రేపెప్పుడైనా స్ట్రోకు వచ్చి పునరావాసంలో మ్యూజిక్ థెరపీ రాస్తే, ఆ గంటను ఫిజియోథెరపీకి వాడుకోవడం మేలు.

ఆరు నెలల తర్వాత

బార్సిలోనా 37. పీహెచ్‌క్యూ 2. మందు లేదు. ఇద్దరూ కలిసి వచ్చారు, ఈసారి ప్రశ్న పిల్లల గురించి. పెద్దమ్మాయికి 9 ఏళ్లు, వీణ క్లాసులో కూర్చోనంటోంది. "ఇది వాళ్ల నాన్న పోలికా అండీ?"

2025లో స్వీడన్‌లో 9,000కు పైగా కవలల్ని పరిశీలించిన అధ్యయనంలో, సంగీతానందంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో 54 శాతం దాకా జన్యువులతో ముడిపడి ఉందని తేలింది. అది జనాభా మొత్తం మీద లెక్క. ఒక ఇంట్లో ఒక పిల్ల గురించి అది ఏమీ చెప్పదు. బార్సిలోనా ప్రశ్నావళి పెద్దవాళ్ల కోసం చేసింది కాబట్టి తొమ్మిదేళ్ల పిల్లకు వేయలేదు. బదులుగా అడిగినవి మూడు: తనంతట తాను ఏదైనా కూనిరాగం తీస్తుందా, నచ్చిన పాట మళ్లీ మళ్లీ పెట్టమంటుందా, పాట మధ్యలో ఆపేస్తే గొడవ చేస్తుందా.

మూడింటికీ తల్లి అవునంది. తండ్రి కాసేపు ఆగి, "స్నానాల గదిలో గంటసేపు పాడుతుందండీ, నేనే తలుపు కొడతాను" అన్నారు. వీణ టీచరు కసురుతుందని పిల్ల వెళ్లడం లేదని ఆ తర్వాత తేలింది.